ఏసీ బయటికి ఊదేసే వేడితో వేడినీళ్లు: తిరుపతి, చిత్తూరు లాడ్జీలు, మండపాలు, ఆసుపత్రుల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

తిరుపతి ఎండల్లో ఇంకా వేడి ఎవరికి కావాలి? ఇది చలిదేశాల యంత్రాంగం కాదా?

గదులు వెచ్చబెట్టుకోవడానికైతే ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు. కంపెనీల బ్రోషర్లు ఎక్కువగా ఆ లెక్కతోనే ఉంటాయి కాబట్టి వాటిలోని ఆదా అంకెల్ని యథాతథంగా నమ్మొద్దు. మన దగ్గర ఈ వేడి రికవరీకి, అంటే పారేసే వేడినో చల్లదనాన్నో వెనక్కి పట్టుకోవడానికి, రెండే పనులు. ఒకటి, స్నానాలకు, లాండ్రీకి, వంటింటికి వేడినీళ్లు. రెండు, లోపలికి తెచ్చే తాజా గాలిని, బయటికి తోసేసే చల్లగాలితో ముందే కొంత చల్లార్చడం. ఈ రెండోదాంట్లో మనం వెనక్కి రాబట్టేది పారేస్తున్న చల్లదనాన్ని.

మొదటి పనికి తిరుపతి లాంటి ఊరు అరుదు. కొండకు వెళ్లేవాళ్లు తెల్లవారుజామున రెండు మూడింటికే స్నానాలు మొదలుపెడతారు. అదే సమయానికి పక్క గదుల్లో ఏసీలు తిరుగుతూనే ఉంటాయి. మేడ మీద అవుట్‌డోర్ యూనిట్లు వేడి ఊదుతుంటే, కింద బాత్రూముల్లో గీజర్లు కరెంటు తాగుతుంటాయి.

ఎంత వేడి దొరుకుతుంది? లీటర్లలో చెప్పండి.

1 టన్ను ఏసీ గదిలోంచి సుమారు 3.5 కిలోవాట్ల వేడిని లాగుతుంది. కంప్రెసర్ తిన్న కరెంటు కూడా వేడిగానే మారుతుంది కాబట్టి బయటికి పోయేది దాదాపు 4.5 కిలోవాట్లు. ఈ మొత్తాన్నీ పట్టుకోలేం. కంప్రెసర్ నుంచి వచ్చే గ్యాస్ మామూలుగా 70 నుంచి 90 డిగ్రీల మధ్య ఉంటుంది. అది ద్రవంగా మారడం మొదలయ్యేలోపు వదిలే పైవేడిని మాత్రమే పట్టుకుంటే నీళ్లు 55 నుంచి 60 డిగ్రీల దాకా వస్తాయి. ఆ వాటా మొత్తం వేడిలో 10 నుంచి 20 శాతం. దీనికి వాడే పరికరాన్ని డీసూపర్‌హీటర్ అంటారు.

నీళ్ల లెక్క తేలికే. 1 లీటరును 1 డిగ్రీ పెంచడానికి 1.16 వాట్-అవర్లు కావాలి. 27 డిగ్రీల నీళ్లను 55కు తేవాలంటే లీటరుకు 32.6 వాట్-అవర్లు, అంటే 1000 లీటర్లకు 32.6 యూనిట్లు.

40 గదుల లాడ్జి, గదికి ముగ్గురు, మనిషికి 55 డిగ్రీల నీళ్లు 25 లీటర్లు అనుకుందాం. స్నానానికి 42 డిగ్రీలు చాలు కాబట్టి 20 లీటర్ల బకెట్‌లో వేడినీళ్లు 11 లీటర్లే పడతాయి. 25 లీటర్లంటే రెండు బకెట్లకు పైగా. మొత్తం 3000 లీటర్లు, 98 యూనిట్ల వేడి. అదే లాడ్జిలో 30 టన్నుల కేంద్రీకృత ఏసీ ఉంటే బయటికి పోయే వేడి 135 కిలోవాట్లు, అందులో 15 శాతం 20 కిలోవాట్లు. రాత్రి 8 గంటలు సగటున 60 శాతం లోడు మీద నడిస్తే 96 యూనిట్లు. లెక్క దాదాపు సరిపోయింది. కానీ ఇది మే నెల లెక్క. డిసెంబరు సంగతి కింద చూడండి.

వంటగ్యాస్‌తో పోల్చుకోవాలంటే, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ 80 శాతం సామర్థ్యమున్న హీటర్‌లో సుమారు 5,900 లీటర్లను ఇంతే వేడి చేస్తుంది. అంటే ఈ లాడ్జికి రెండు రోజులకో సిలిండర్.

మొత్తం వేడినీ పట్టేసుకుంటే ఇంకా మంచిది కదా?

పట్టుకోవచ్చు గానీ ఊరికే రాదు. గ్యాస్ ద్రవంగా మారే ఉష్ణోగ్రతను 55కో 60కో పెంచితేనే నీళ్లు అంత వేడెక్కుతాయి. అలా పెంచిన ఒక్కో డిగ్రీకి కంప్రెసర్ 2 నుంచి 3 శాతం ఎక్కువ కరెంటు తింటుంది, ఏసీ చల్లదనం తగ్గుతుంది. 35, 40 డిగ్రీల దాకా మొదటి విడతగా వేడి చేసి, మిగతాది హీట్ పంపుతో (తక్కువ ఉష్ణోగ్రత దగ్గరున్న వేడిని కరెంటుతో లాగి ఎక్కువ ఉష్ణోగ్రతకు ఎక్కించే మిషన్) పెంచే పద్ధతి పెద్ద హోటళ్లకు బాగుంటుంది. వాటర్ కూల్డ్ చిల్లర్ (తన వేడిని నీళ్లలోకి వదిలే పెద్ద కేంద్రీకృత ఏసీ మిషన్) ఉన్నచోట కూలింగ్ టవర్‌కు వెళ్లే 35 డిగ్రీల నీళ్ల నుంచి వేడి లాగి 60 డిగ్రీలకు ఎక్కించే వాటర్-టు-వాటర్ హీట్ పంపు పెట్టుకుంటే టవర్ మీద భారం కూడా తగ్గుతుంది.

మా లాడ్జిలో గదికో స్ప్లిట్ ఏసీ. మాకు కుదురుతుందా?

డీసూపర్‌హీటర్ కుదరదు. ఒక్కో ఒకటిన్నర టన్ను మిషన్ నుంచి దొరికేది సుమారు ఒక కిలోవాట్. దానికోసం 40 చోట్ల రాగి పైపు కోసి, 40 చోట్ల నీళ్ల పైపు తిప్పితే లీకులు వెతుక్కోవడానికే ఒక మనిషి కావాలి. పైగా ఇన్వర్టర్ స్ప్లిట్లు తక్కువ లోడు మీద తిరిగేటప్పుడు గ్యాస్ అంత వేడెక్కదు.

మీకు సరిపడేది ఎయిర్ సోర్స్ హీట్ పంపు. గాలిలోంచి వేడి తీసుకుని 1 యూనిట్ కరెంటుతో 3 నుంచి 4 యూనిట్ల వేడి ఇస్తుంది. పైన చెప్పిన 3000 లీటర్లకు గీజర్లయితే 98 యూనిట్లు, ఇదైతే 25 నుంచి 33. దీన్ని ఎక్కడ పెడతారన్నదే అసలు తెలివి. అవుట్‌డోర్ యూనిట్లన్నీ వరసగా బిగించి వేడిగాలి సుళ్లు తిరిగే డక్ట్ సందులో పెడితే, ఆ వేడినే ఇది లాక్కుంటుంది, దీని చల్లగాలి వల్ల ఏసీలకూ కాస్త ఊరట. లేదా దాని చల్లగాలిని చిన్న డక్ట్‌తో లాండ్రీలోకో వంటింటి పక్క గదిలోకో వదలండి. వంటింటి నూనె పొగ మాత్రం దాని కాయిల్‌కు తగలకూడదు. జిడ్డు పట్టిన కాయిల్‌కు దుమ్ము అంటుకుంటే నెలలోనే పనితనం పడిపోతుంది.

వీఆర్‌ఎఫ్, డక్టబుల్ మిషన్లకు డీసూపర్‌హీటర్ ఎలా బిగిస్తారు? ఏం చూసుకోవాలి?

వీఆర్‌ఎఫ్ (ఒకే అవుట్‌డోర్ యూనిట్‌తో చాలా గదుల ఏసీలు నడిచేది) అయితే ముందుగా కంపెనీని లిఖితపూర్వకంగా అడగండి. బయటి మనిషితో పైపు కోయిస్తే వారంటీ పోతుంది. చాలా కంపెనీలు సొంత హాట్ వాటర్ మాడ్యూల్ అమ్ముతాయి, కొత్తగా కొనేవాళ్లు మూడు పైపుల హీట్ రికవరీ మోడల్‌తో పాటు దాన్నే తీసుకోవడం నయం. తర్వాత అతికించే పని కంటే అదే చవక.

డక్టబుల్, ప్యాకేజ్డ్ మిషన్లకు (చల్లగాలిని డక్టుల ద్వారా పంపేవి) బయట నుంచి బిగించవచ్చు. కంప్రెసర్‌కూ కండెన్సర్‌కూ (గ్యాస్ ద్రవంగా మారే కాయిల్) మధ్య వేడి గ్యాస్ పోయే డిశ్చార్జ్ లైన్‌లో, కంప్రెసర్‌కు వీలైనంత దగ్గరగా ఎక్స్‌చేంజర్ (గ్యాస్ వేడిని నీళ్లకు అందించే పరికరం) పెడతారు. గ్యాస్ పై నుంచి లోపలికి వెళ్లి కింద నుంచి రావాలి. తిరగేసి బిగిస్తే కంప్రెసర్ ఆయిల్ అడుగున నిలిచిపోయి, కొన్నాళ్లకు కంప్రెసర్ పట్టేస్తుంది. నీళ్లు ఎదురు దిశలో, కింద నుంచి పైకి పోవాలి. స్నానాల నీళ్లు నేరుగా పోయేటట్టయితే రెండు గోడల ఎక్స్‌చేంజరే వాడాలి. మధ్యలో ఖాళీ ఉంటుంది కాబట్టి చిల్లు పడితే గ్యాస్, ఆయిల్ నీళ్లలో కలవకుండా బయటికి కారి కనిపిస్తాయి.

బ్రేజింగ్ (కరిగిన లోహంతో రాగి పైపులు అతకడం) చేసేటప్పుడు పైపులో నైట్రోజన్ సన్నగా పారుతూ ఉండాలి. అది లేకపోతే లోపల నల్లటి పొట్టు ఏర్పడి ఎక్స్‌పాన్షన్ వాల్వ్ జల్లెడను మూసేస్తుంది. తర్వాత నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్, 500 మైక్రాన్ల కిందికి వాక్యూమ్, ఆపైనే గ్యాస్. ఎక్స్‌చేంజర్ లోపలి ఖాళీ మేరకు గ్యాస్ కొంచెం అదనంగా పడుతుంది. వాక్యూమ్ గేజ్ చూపించకుండా "అరగంట పంపు వేశాం సార్" అనేవాళ్లను ఒప్పుకోకండి.

కండెన్సర్ ఫ్యాన్‌కు హెడ్ ప్రెషర్ కంట్రోల్ (గ్యాస్ ప్రెషర్ పడిపోకుండా ఫ్యాన్‌ను తగ్గించే ఏర్పాటు) కూడా ఉండాలి. డిసెంబరు రాత్రి చల్లటి నీళ్లు ఎక్స్‌చేంజర్‌లోకి పోతుంటే గ్యాస్ అక్కడే ద్రవం కావడం మొదలవుతుంది, ప్రెషర్ పడిపోతుంది, గదిలో చల్లదనం తగ్గుతుంది. చాలామంది దాన్ని గ్యాస్ లీకు అనుకుని మళ్లీ గ్యాస్ ఎక్కిస్తారు. వేసవి రాగానే ఆ అదనపు గ్యాస్ వల్ల హై ప్రెషర్ ట్రిప్.

ట్యాంకు ఎంత ఉండాలి? ఎలా ఉండాలి?

మొత్తం ఏర్పాటులో ఎక్కువమంది చెడగొట్టేది ఇక్కడే. వేడి రాత్రంతా కొద్దికొద్దిగా వస్తుంది, వాడకం తెల్లవారుజామున రెండు గంటల్లో ఒక్కసారిగా మీద పడుతుంది. కాబట్టి రోజు వాడకంలో కనీసం మూడింట రెండు వంతులైనా నిలవ ఉండాలి. 3000 లీటర్ల లాడ్జికి వెయ్యేసి లీటర్ల ట్యాంకులు రెండు, వీలైతే మూడు. పొట్టిగా వెడల్పుగా కాకుండా నిలువుగా పొడుగ్గా ఉండాలి, ఒకదాని నుంచి ఇంకోదానికి వరసలో కలపాలి. వేడినీళ్లు పైకి తేలతాయి, చన్నీళ్లు అడుగున ఉంటాయి, ఆ పొర చెదరకూడదు. చన్నీళ్లు వచ్చే పైపు మూతికి వేగం తగ్గించే చిల్లుల గొట్టం పెట్టాలి. అది లేకుండా మోటారు ఒత్తిడితో నీళ్లు కొడితే ట్యాంకంతా కలిసిపోయి 38 డిగ్రీల గోరువెచ్చని నీళ్లయి కూర్చుంటుంది. మీటరు చూస్తే యూనిట్లు అన్నీ ఉంటాయి, స్నానానికి మాత్రం పనికిరావు.

ఎక్స్‌చేంజర్‌కు వెళ్లే నీళ్లు ట్యాంకు అడుగు నుంచి తీసుకుని పైభాగంలో వదలాలి. ఆ పంపును ఉష్ణోగ్రత తేడాతో నడిపించాలి. డిశ్చార్జ్ గ్యాస్, ట్యాంకు అడుగు నీళ్ల కంటే 8 డిగ్రీలు ఎక్కువుంటే ఆన్, తేడా 3కు దిగితే ఆఫ్. టైమర్ మీద నడిపితే కంప్రెసర్ ఆగినప్పుడు వేడినీళ్లు వెనక్కి తిరిగి చల్లారిపోతాయి. నాన్ రిటర్న్ వాల్వ్ మర్చిపోతే పంపు ఆగినా అదే జరుగుతుంది.

వేడి పోకుండా ట్యాంకుకు 50 మిల్లీమీటర్ల పఫ్ (పాలీయురేథేన్ నురగ), పైపులకు 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బరు. మేడ మీద ఎండ తగిలే చోట రబ్బరు మీద అల్యూమినియం రేకు చుట్టాలి, లేకపోతే రెండు వేసవుల్లో పొడిపొడిగా రాలిపోతుంది. వేడినీళ్ల పైపు సీపీవీసీ లేదా పీపీఆర్. మామూలు తెల్ల యూపీవీసీ 60 డిగ్రీల దగ్గర మెత్తబడి వంగుతుంది. రాగి పైపును నేరుగా జీఐ పైపుకు కలిపితే జాయింటు దగ్గర జీఐ తినేస్తుంది, మధ్యలో ఇన్సులేటెడ్ యూనియన్ పెట్టండి. టెంపరేచర్-ప్రెషర్ రిలీఫ్ వాల్వ్, ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, ఎత్తైన చోట ఎయిర్ వెంట్, ఈ మూడూ తప్పనిసరి. రిలీఫ్ వాల్వ్ నోటికి ప్లగ్గు కొట్టేసిన చోట్లు కనిపిస్తుంటాయి. నీళ్లు కారుతున్నాయని అలా చేస్తారు. అది ప్రమాదం, కారణం వెతికి సరిచేయాలి.

బోరు నీళ్లు. ఉప్పు పట్టేస్తుందా?

పడుతుంది. ప్లేట్ ఎక్స్‌చేంజర్‌లో దారులు సన్నగా ఉంటాయి కాబట్టి ఇంకా తొందరగా. నీళ్లు 55 దాటినకొద్దీ సున్నం వేగంగా పేరుకుంటుంది. కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు వచ్చే భవనాల్లో బెడద తక్కువ. అక్కడ కూడా ఎండాకాలం బోరూ ట్యాంకరూ కలిస్తే మళ్లీ అదే కథ. లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటిన కాఠిన్యం ఉంటే సాఫ్ట్‌నర్ పెట్టడమో, ఎక్స్‌చేంజర్‌కూ ట్యాంకుకూ మధ్య మూసిన వలయంలో శుద్ధి చేసిన నీళ్లను తిప్పి ట్యాంకులో కాయిల్ ద్వారా వేడి ఇవ్వడమో చేయాలి. రెండోదాంట్లో 4, 5 డిగ్రీలు పోతాయి గానీ నిశ్చింత.

పేరుకున్నదని ఎలా తెలుస్తుంది? ఎక్స్‌చేంజర్‌కు ముందూ వెనకా నీళ్ల ప్రెషర్ గేజ్‌లు పెట్టి మొదటి రోజు తేడా గోడ మీద రాసిపెట్టండి. ఆ తేడా ఒకటిన్నర రెట్లు అయితే సిట్రిక్ యాసిడ్ ద్రావణాన్ని చిన్న పంపుతో తిప్పి కడగాలి. దానికోసం రెండు వైపులా వాల్వులు, టీ జాయింట్లు మొదట్లోనే బిగించుకోవాలి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ స్టెయిన్‌లెస్ స్టీలుకు పోయొద్దు, ప్లేట్లకు సన్నటి చిల్లులు పడతాయి.

డిసెంబరు, జనవరిలో నీళ్లు చాలడం లేదు. ఎందుకు?

చల్లటి నెలల్లో ఏసీలు ఎవరూ వేయరు, వేడినీళ్లు అందరూ అడుగుతారు. వైకుంఠ ఏకాదశి రద్దీకి గదులన్నీ నిండి, ఏసీలన్నీ ఆగి ఉంటాయి. డీసూపర్‌హీటర్ ఆ వారం ఇచ్చేది దాదాపు సున్నా. ఈశాన్య రుతుపవనాల మబ్బుల్లో సోలార్ హీటర్‌ది కూడా అంతే. అందుకే బ్యాకప్‌ను ఏసీ వేడి బొత్తిగా లేదనుకునే లెక్కగట్టాలి. 3000 లీటర్లకు 8 గంటల్లో కావలసింది 12 కిలోవాట్ల వేడి సామర్థ్యం ఉన్న హీట్ పంపు. చన్నీళ్లు ఆ నెలల్లో 23, 24 డిగ్రీలే ఉంటాయి కాబట్టి 14, 15 తీసుకోండి. వేడి రికవరీ ఉంది కదా అని గీజర్లన్నీ పీకేసినవాళ్లు జనవరిలో బకెట్లు మోయించుకుంటారు.

స్నానానికి 45 డిగ్రీలు చాలు కదా, 60 దాకా ఎందుకు?

లెజియొనెల్లా అనే బాక్టీరియా గోరువెచ్చని నీళ్లలో పెరుగుతుంది, తుంపర్లతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి న్యుమోనియా తెస్తుంది. నిలవ నీళ్లు 60 డిగ్రీల దగ్గర ఉండాలి, కుళాయి దాకా 50 పైన రావాలి. డీసూపర్‌హీటర్ ఒక్కటే దీన్ని ప్రతిరోజూ ఇవ్వలేదు. మొదటి ట్యాంకులో అది వేడి చేసి, చివరి ట్యాంకును హీట్ పంపో హీటరో 60కి చేర్చేలా పెట్టుకోండి. వాడకుండా మూసేసిన గదుల పైపుల్లో నిలిచిన నీళ్లను వారానికోసారి వదిలేయాలి. కాలకుండా ఉండటానికి బాత్రూము దగ్గర మిక్సింగ్ వాల్వ్.

కల్యాణ మండపానికి తాజా గాలి కోసం హీట్ రికవరీ వీల్ పెట్టమంటున్నారు. పనికొస్తుందా?

బయటికి పోయే గాలికీ లోపలికి వచ్చే గాలికీ మధ్య తిరుగుతూ వేడిని అటూ ఇటూ మార్చే చక్రమే ఈ వీల్. లెక్క చూడండి. మే నెలలో బయట 40 డిగ్రీలు, వెట్ బల్బ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది, గాలిలో తేమ దీంతో తెలుస్తుంది) 27, లోపల 24 డిగ్రీలు అయితే 1000 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు) తాజా గాలిని చల్లబరచడానికే 5.5 టన్నులు కావాలి. 500 మందికి మనిషికి 15 చొప్పున 7500 సీఎఫ్ఎం, అంటే 41 టన్నులు. వేడినీ తేమనూ రెండింటినీ మార్చే ఎంథాల్పీ వీల్ 65 శాతం రాబడితే 27 టన్నులు తగ్గుతాయి. వేడిని మాత్రమే మార్చే అల్యూమినియం ప్లేట్ ఎక్స్‌చేంజర్ అయితే 12 టన్నులే. నవంబరు వానల్లో బయట 26, లోపల 24 ఉంటే ప్లేట్ చేసే పని ఏమీ ఉండదు, భారమంతా తేమదే. ఈ ప్రాంతానికి ఎంథాల్పీ వీలే.

ఇంతా చెప్పి, పాత మండపాలకు మేం దీన్ని గట్టిగా సిఫార్సు చేయం. ముహూర్తాలు లేని నెలల్లో హాలు ఖాళీ. ముహూర్తం రోజున తలుపులు మూసి ఉండవు. చల్లగాలి తలుపుల్లోంచి పోతే వీల్ దాకా తిరిగి వచ్చేది సగమే, ఆదా కూడా సగమే. ముందు కార్బన్ డయాక్సైడ్ సెన్సర్ పెట్టి, జనం ఉన్నంతమేరకే తాజా గాలి వచ్చేలా చేయండి, అది చాలా చవక. కొత్తగా కట్టేవాళ్లకు మాత్రం మిషన్ సైజు, ట్రాన్స్‌ఫార్మర్, ఏపీఎస్పీడీసీఎల్‌కు కట్టే డిమాండ్ చార్జీ మొదటి రోజే తగ్గుతాయి కాబట్టి లెక్క మారిపోతుంది.

వీల్ పెట్టాం, ఆదా కనబడటం లేదు.

మూడు థర్మామీటర్లు చాలు. బయటి గాలి 38, వీల్ దాటిన తాజా గాలి 29, గది నుంచి తిరిగి వచ్చే గాలి 25 అనుకోండి. 38 లోంచి 29 తీస్తే 9. 38 లోంచి 25 తీస్తే 13. తొమ్మిదిని పదమూడుతో భాగిస్తే 69 శాతం, బాగుంది. 40 శాతం వస్తే మొదట బెల్టు చూడండి. బెల్టు జారి వీల్ ఆగినా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి ఎవరికీ తెలియదు. వీల్ తిరగడాన్ని గుర్తించే సెన్సర్‌కు అలారం కట్టండి. తర్వాత ఫిల్టర్లు, తర్వాత అంచు సీళ్లు.

హోమం నడిచేటప్పుడు పొగను వీల్ గుండా పంపకూడదు. నెయ్యి మసి, కర్పూరం మసి తేమ పీల్చే పూతను కప్పేస్తాయి, వాసన తాజా గాలిలోకి తిరిగొస్తుంది. ఆ సమయానికి బైపాస్ డ్యాంపర్ తెరిచి పొగను నేరుగా బయటికి తోయాలి. వంటశాల ఎగ్జాస్ట్‌ను ఏ రోజూ దీనికి కలపొద్దు. జనవరి రాత్రి బయట 20 డిగ్రీలున్నప్పుడు వీల్‌ను ఆపేయాలి, తిరుగుతూ ఉంటే చల్లటి గాలిని పనిగట్టుకుని వేడి చేసి లోపలికి పంపుతుంది.

ఆసుపత్రికి?

24 గంటలు నడుస్తుంది కాబట్టి పెట్టుబడి వేగంగా తిరిగొచ్చేది ఇక్కడే. కానీ ఆపరేషన్ థియేటర్లు, ఐసొలేషన్ వార్డుల ఎగ్జాస్ట్‌కు వీల్ వద్దు. ఎంత మంచి వీల్‌లోనైనా కొంత గాలి ఆ వైపు నుంచి ఈ వైపుకు వస్తుంది. అక్కడ రన్-అరౌండ్ కాయిల్ వాడాలి. రెండు డక్టుల్లో రెండు కాయిల్స్, మధ్యలో నీళ్లు తిప్పే పంపు, గాలులు కలిసే దారే లేదు. రాబడి 45 నుంచి 60 శాతం. బ్రోషర్లో గ్లైకాల్ కలపమని ఉంటుంది, అది గడ్డకట్టే చోట్ల కోసం. మనకు తుప్పు నిరోధకం కలిపిన మామూలు నీళ్లు చాలు.

థియేటర్లో తేమ తగ్గించడానికి గాలిని 12 డిగ్రీలకు చల్లార్చి, మళ్లీ ఎలక్ట్రిక్ హీటర్‌తో 17కు వేడి చేస్తుంటారు. రెండుసార్లు కరెంటు. కూలింగ్ కాయిల్ చుట్టూ హీట్ పైపు (లోపలి ద్రవం ఆవిరై, చల్లారి వేడిని తనంతట తానే మోసే మూసిన గొట్టం) బిగిస్తే, లోపలికి వచ్చే 26 డిగ్రీల గాలి 21కి దిగుతుంది, ఆ 5 డిగ్రీలే అటువైపు 12ను 17కు పెంచుతాయి. పంపు లేదు, మోటారు లేదు. కదిలే భాగమే లేదు కాబట్టి కాయిల్ శుభ్రంగా ఉంచుకోవడమే నిర్వహణ.

నిబంధన ఏమైనా ఉందా?

2017 నాటి ఈసీబీసీ (కేంద్రం తెచ్చిన భవనాల ఇంధన పొదుపు నియమావళి) ప్రకారం హోటళ్లు, ఆసుపత్రుల్లో సెకనుకు 2100 లీటర్లు, అంటే సుమారు 4450 సీఎఫ్ఎం దాటిన వ్యవస్థలో తాజా గాలి వాటా కనీసం 70 శాతం ఉంటే, కనీసం 50 శాతం సామర్థ్యంతో గాలి నుంచి గాలికి వేడి రికవరీ ఉండాలని అందులో రాశారు. చిన్న లాడ్జీలకు ఇది తగలదు.

చిత్తూరు వైపు కోల్డ్ స్టోరేజీలు, పాల కేంద్రాలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు?

పిస్టన్ కంప్రెసర్లున్న అమ్మోనియా ప్లాంటులో డిశ్చార్జ్ గ్యాస్ మామూలుగా 100 డిగ్రీల పైన ఉంటుంది కాబట్టి ఏసీల కంటే ఇక్కడ రాబడి మెరుగు. ఎక్స్‌చేంజర్ స్టీలుదే కావాలి, అమ్మోనియా రాగిని, ఇత్తడిని తినేస్తుంది. పాల కేంద్రంలో ట్యాంకులు, క్యాన్లు కడిగే నీళ్లకు సరిగ్గా సరిపోతుంది, పాలు చల్లార్చే వేళా కడిగే వేళా పక్కపక్కనే. గుజ్జు ఫ్యాక్టరీలో బాయిలర్‌కు వెళ్లే నీళ్లను 28 నుంచి 60కి ముందే వేడి చేయొచ్చు. సీజన్ రెండు మూడు నెలలే కాబట్టి, మిగతా నెలల్లో కోల్డ్ స్టోరేజ్ నడిచే ఫ్యాక్టరీకే ఇది లాభం.

కాంట్రాక్టరుకు ఇచ్చే ఆర్డర్‌లో ఏం రాయాలి?

"రోజుకు ఇన్ని లీటర్లు" అని రాస్తే చాలదు. ఏ ఉష్ణోగ్రత నుంచి ఏ ఉష్ణోగ్రతకు, ఏసీ ఎంత శాతం లోడు మీద, ఎన్ని గంటల్లో అన్నది రాయించండి. నీళ్ల మీటరు ఒకటి, ట్యాంకు పైనా మధ్యా అడుగునా మూడు థర్మామీటర్లు, హీట్ పంపుకూ బ్యాకప్ హీటర్‌కూ విడివిడి ఎనర్జీ మీటర్లు అతని లెక్కలోనే ఉండాలి. చివరి 10 శాతం బిల్లు వేసవిలో ఒకసారి, జనవరిలో ఒకసారి పరీక్ష చేసి చూపాకే ఇవ్వండి. మే నెలలో మాత్రమే పరీక్షిస్తే ప్రతి ఏర్పాటూ పాసవుతుంది.